నెలకు మూడు మాత్రలు తప్పితే: క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియాపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

రక్త క్యాన్సర్ అనగానే మన ఇళ్లలో అందరి కళ్లముందూ ఒకటే బొమ్మ ఆడుతుంది. గుండు, సెలైన్ సీసా, రోజులు లెక్కపెట్టుకోవడం. ఈరోజు నేను చెప్పబోయే జబ్బుకు ఆ బొమ్మ సరిపోదు. నిదానంగా సాగే రక్త క్యాన్సర్లు చాలా ఉన్నాయి. పెద్ద వయసులో ఎక్కువగా కనిపించే సీఎల్ఎల్ ఒకటి, ఎర్రకణాలు మితిమీరే పాలీసైథీమియా ఒకటి, ఎముక మజ్జ పీచుబారిపోయే మైలోఫైబ్రోసిస్ ఒకటి. గంటలో అన్నీ కలిపి చెబితే ఏదీ చెప్పినట్టు కాదు కాబట్టి సీఎంఎల్ ఒక్కటే పట్టుకుంటాను. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. మీలో చాలామంది చేతుల్లో ఉన్న ఫైళ్ల మీద రాసి ఉన్నది ఇదే.

ఈ జబ్బు చాలాసార్లు అనుకోకుండా బయటపడుతుంది. ఏ హెర్నియా ఆపరేషన్‌కో, ఉద్యోగం మెడికల్‌కో సీబీపీ, అంటే రక్తకణాల లెక్క పరీక్ష, చేయిస్తారు. తెల్లకణాలు 4,000 నుంచి 11,000 దాకా ఉండాల్సిన చోట లక్ష, రెండు లక్షలు అని వస్తుంది. ల్యాబువాళ్లు మిషన్ తప్పు చూపిందేమోనని రెండోసారి పెడతారు. మళ్లీ అదే అంకె. కొంతమందికి ముందే సూచనలుంటాయి. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోతుంది, ఎడమ పక్కటెముకల కింద బరువుగా ఉంటుంది, రాత్రిళ్లు చెమట పట్టి దుప్పటి తడిసిపోతుంది, బరువు తగ్గుతారు. మన పెద్దవాళ్లు కడుపులో బల్ల పెరిగింది అనేవారే, అది ప్లీహం వాపు. మలేరియాకీ పెరుగుతుంది, దీనికీ పెరుగుతుంది. చేత్తో నొక్కి తేడా చెప్పడం కుదరదు, రక్తం చూడాల్సిందే. పొట్ట గట్టిగా ఉందని తైలాలు పెట్టి మర్దన మాత్రం చేయించకండి. వాచిన ప్లీహం చిట్లితే లోపల రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది.

ఇక "మాకే ఎందుకొచ్చింది?" అన్న ప్రశ్న. ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేదీ కాదు. తిండి వల్ల వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. కారణమని గట్టిగా చెప్పగలిగింది ఎక్కువ మోతాదు రేడియేషన్ ఒక్కటే. హిరోషిమాలో 1945 బాంబు తర్వాత కొన్నేళ్లకు ల్యుకేమియా కేసులు పెరిగాయి, వాటిలో సీఎంఎల్ కూడా ఉంది. ఒకటి రెండు ఎక్స్‌రేలు తీయించుకున్నందుకు వచ్చిందని ఎవరూ కుమిలిపోనక్కర్లేదు. చాలామంది విషయంలో బయటి కారణమేదీ దొరకదు.

లోపలి కారణం మాత్రం చాలా స్పష్టంగా తెలుసు. క్యాన్సర్లన్నిటిలో ఇంత స్పష్టంగా మొదట తెలిసింది దీని గురించే. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ మామూలు కంటే పొట్టిగా ఉండటం చూశారు. నోవెల్ స్లైడ్లను మామూలు కుళాయి నీళ్లతో కడిగాడు. ఉప్పులేని ఆ నీటికి కణాలు ఉబ్బి, లోపల ముద్దగా ఉన్న క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. లెక్కపెట్టడానికి వీలైంది. ఊరి పేరు మీదే దానికి ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అని పేరు. మీ రిపోర్టులో "పీహెచ్ పాజిటివ్" అని ఉండేది అదే.

పొట్టిదైన ముక్క ఎక్కడికి పోయిందో 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చింది. క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్ల మీద జతలు జతలుగా పేర్చి చూసేది. 22వ దాని తోక తెగి 9వ దాని చివర అతుక్కుంది, 9వ దాని చివరి ముక్క 22 మీదికి వచ్చింది. ఇచ్చిపుచ్చుకున్నాయన్నమాట. తొమ్మిది మీద ఉన్న ఏబీఎల్ అనే జన్యువు వచ్చి ఇరవై రెండు మీది బీసీఆర్ పక్కన కూర్చుంది. రెండూ కలిసి ఒకే ప్రొటీన్ తయారుచేయిస్తాయి. మామూలు మనిషి శరీరంలో అది ఉండదు.

మన ఊళ్లలో బోరు మోటారుకు స్టార్టర్ డబ్బా ఉంటుంది కదా. పచ్చ బటన్ నొక్కితే తిరుగుతుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. ఏబీఎల్ అలాంటి డబ్బా. కణం ఎప్పుడు రెండుగా చీలాలో చెప్పే సంకేతాల్లో అదొకటి. బీసీఆర్ అతుక్కోగానే పచ్చ బటన్ లోపలికి దిగి ఇరుక్కుపోతుంది. నీళ్లు అవసరం ఉన్నా లేకపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. డబ్బాకు కరెంటు అందినట్టే ఈ ప్రొటీన్‌కు ఏటీపీ అనే అణువు అందుతుంది. ప్రొటీన్‌లో దానికొక గుంట ఉంది. ఏటీపీ వచ్చి అందులో కూర్చుంటుంది, దాన్నుంచి ఫాస్ఫేట్ తీసి ఈ ప్రొటీన్ పక్క ప్రొటీన్లకు తగిలిస్తుంది, వాటికి పని మొదలవుతుంది. ఇమాటినిబ్ మాత్ర చేసే పనల్లా వెళ్లి ఆ గుంటలో కూర్చోవడమే. ఏటీపీకి చోటుండదు. మోటారు ఆగుతుంది.

ఈ ఒక్క ప్రొటీనే జబ్బు తెస్తుందని 1990లో ఎలుకల మీద రుజువైంది. స్విట్జర్లాండ్‌లోని సీబా-గైగీ కంపెనీలో నికొలస్ లైడన్, యుర్గ్ జిమ్మర్‌మన్ బృందం తయారుచేసిన ఈ ఇమాటినిబ్ అణువును అమెరికాలోని ఓరెగాన్‌లో బ్రయన్ డ్రుకర్ ఈ కణాల మీద పెట్టి చూశాడు. 1998 జూన్‌లో మొదటి రోగికి ఇచ్చారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకుమించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలైంది. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు బుసల్ఫాన్, హైడ్రాక్సీయూరియా అనే పాత మందుల రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాళ్లు సుమారుగా నాలుగైదేళ్లు బతికేవాళ్లు. ఇమాటినిబ్‌తో మొదలుపెట్టినవాళ్లను పదేళ్లకు పైగా వెంబడించి చూసిన ఐఆర్ఐఎస్ అధ్యయనంలో పదేళ్ల నాటికి నూటికి 83 మంది బతికి ఉన్నారు. పోయినవాళ్లలో కూడా చాలామంది వేరే కారణాలతో పోయారు.

ఈ మందు మన గడప తొక్కడం వెనక పెద్ద పోరాటమే ఉంది, అది మీరు తెలుసుకోవాలి. గ్లివెక్ పేరుతో వచ్చిన ఇమాటినిబ్ అప్పట్లో నెలకు సుమారు 1,20,000 రూపాయలు ఉండేది. హైదరాబాద్‌లోని నాట్కో 2003లో వీనాట్ పేరుతో అదే మందు తెచ్చింది. మన జనరిక్ కంపెనీలు నెలకు 8,000 నుంచి 10,000 రూపాయలకు ఇవ్వగలిగాయి. పేటెంట్ కావాలని గ్లివెక్ కంపెనీ నోవార్టిస్ వేసిన దరఖాస్తును చెన్నై పేటెంట్ ఆఫీసు 2006 జనవరిలో తిరస్కరించింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా కుదరదంది. పాత అణువుకే కొత్త స్ఫటిక రూపం ఇచ్చి, దానివల్ల రోగికి వైద్యపరంగా అదనపు మేలు జరుగుతుందని చూపించకపోతే పేటెంట్ లేదు అని పేటెంట్ చట్టంలోని 3(డి) సెక్షన్ చెబుతుంది, ఆ ముక్క మీదే తీర్పు నిలబడింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇమాటినిబ్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఫార్మసీ చదివే పిల్లలు ఆ తీర్పు ఒక్కసారైనా చదవండి, చట్టంలో ఒక్క వాక్యం ఎంతమందికి మందు అందించిందో తెలుస్తుంది.

సరే, మాత్ర ఇంటికొచ్చింది. ఇక్కడి నుంచి కొంచెం జాగ్రత్తగా వినండి.

మామూలు మోతాదు రోజుకు ఒకసారి 400 మిల్లీగ్రాములు. రోజులో కడుపునిండా తినే పూటే వేసుకోవాలి, పెద్ద గ్లాసుడు నీళ్లతో. పరగడుపున వేసుకుంటే వికారం, వాంతి ఖాయం. వేసుకున్న వెంటనే పడుకోవద్దు. మింగలేనివాళ్లు 400 మాత్రను 200 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, చెంచాతో కలిపి, కరగగానే తాగేయొచ్చు. పాలల్లో, టీలో వద్దు. నిన్న మరిచిపోయామని ఇవాళ రెండు వేసుకోవద్దు. మొదటి నెల వారానికోసారి సీబీపీ, రెండో నెల పదిహేను రోజులకోసారి. మొదట్లో జబ్బు కణాలు పోతుంటాయి, మంచి కణాలు ఇంకా పుంజుకోవు, లెక్కలు పడిపోతాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 1,000 కిందికి గానీ, ప్లేట్‌లెట్లు 50,000 కిందికి గానీ వస్తే డాక్టరు కొన్నాళ్లు ఆపిస్తారు. 1,500, 75,000 దాటాక మళ్లీ మొదలుపెడతారు. ఆపమన్నప్పుడు ఆపాలి, మొదలుపెట్టమన్న రోజే మొదలుపెట్టాలి. రెండోది చాలామంది మరిచిపోతారు.

పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బుతాయి, రాత్రి పిక్కలు పట్టేస్తాయి. వీటిని ముందే చెప్పకపోతే కిడ్నీ పోయిందనుకుని మందు మానేస్తారు. ఇంకొకటి మనవాళ్లలో బాగా కనిపిస్తుంది. చర్మం రంగు తేలుతుంది. చామనఛాయ మనిషి ఏడాదిలో తెల్లబడతాడు, కొందరికి మచ్చలు మచ్చలుగా. బొల్లి వచ్చిందని ఊళ్లో మాట పుడుతుంది, పెళ్లి కావాల్సిన పిల్లయితే మాత్రల డబ్బా మంచం కిందికి పోతుంది. అది బొల్లి కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలకు కిట్ అనే ప్రొటీన్ కావాలి. ఇమాటినిబ్ ఏబీఎల్‌తో పాటు దాన్నీ అడ్డుకుంటుంది. హాని లేదు.

ఇప్పుడు నేను ఈరోజు చెప్పడానికి వచ్చిన అసలు లెక్క. లండన్‌లో హామర్‌స్మిత్ ఆసుపత్రి పరిశోధకులు 87 మంది రోగుల మందు సీసాల మూతల్లో చిన్న చిప్ పెట్టారు. మూత తీసిన ప్రతిసారీ తేదీ, గంట నమోదవుతుంది. మూడు నెలలు చూశారు. వాళ్లందరూ ఏళ్ల తరబడి మందు వాడుతున్నవాళ్లే. 90 శాతం కంటే ఎక్కువ మాత్రలు వేసుకున్నవాళ్లలో జబ్బు 0.1 శాతం కిందికి (ఈ కొలత సంగతి తర్వాత చెప్తాను) దిగే అవకాశం ఆరేళ్లకు 94.5 శాతం. 90 శాతం, అంతకంటే తక్కువ వేసుకున్న 23 మందిలో అది 28.4 శాతం. 2010లో అచ్చయింది ఇది.

తొంభై శాతం అంటే వినడానికి ఫస్టు క్లాసు మార్కులా ఉంటుంది. నెలకు ముప్పై మాత్రలు. అందులో తొంభై శాతం ఇరవై ఏడు. అంటే నెలలో మూడు రోజులు తప్పిస్తే చాలు, మీరు ఆ రెండో గుంపులోకి వెళ్లిపోయినట్టే. ఒక పెళ్లి ప్రయాణం, ఒక ఉపవాసం, స్ట్రిప్ అయిపోయి టౌనుకు వెళ్లడం ఒక రోజు ఆలస్యం. మూడూ అయిపోయాయి. బాగానే ఉన్నాను కదా అనిపించే జబ్బు కాబట్టే ఇది జరుగుతుంది. నొప్పి ఉంటే ఎవరూ మరిచిపోరు.

మూడు రోజులకే ఇంత తేడా ఏమిటి అంటే, మజ్జలో అడుగున మూలకణాలు కొన్ని నిద్రపోయినట్టుంటాయి. మందు వాటిని చంపదు. పైకి పుట్టుకొచ్చే కణాలను మాత్రమే అణిచిపెడుతుంది. మందు రక్తంలో పలచబడ్డ రోజున అవి మళ్లీ చీలతాయి, చీలేటప్పుడు కొన్నిటిలో ఏబీఎల్ గుంట ఆకారమే మారిపోతుంది. అలా మారిన కణానికి మందు పట్టదు, అదే మిగిలి పెరుగుతుంది. అందుకే మందు వాడుతున్నా జబ్బు పెరుగుతోందంటే ఖరీదైన పరీక్షలు రాయకముందే ఖాళీ స్ట్రిప్పులు తెమ్మని అడిగి లెక్కపెట్టాలి.

వేసుకుంటున్నా మందు అందకపోవడం ఇంకో సమస్య. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్సుకు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కాలేయాన్ని తొందరపెట్టి ఇమాటినిబ్‌ను ముందే విరిచేస్తాయి. క్లారిత్రోమైసిన్, తామరకు ఆర్ఎంపీలు సులువుగా రాసిచ్చే ఇట్రాకొనజోల్ ఎదురు పనిచేసి రక్తంలో మందు పెంచుతాయి. ఇమాటినిబ్ తర్వాత వచ్చిన రెండో తరం మందులు డాసాటినిబ్, నిలోటినిబ్ వాడేవాళ్లు మన ఇళ్లలో రోజూ పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్రతో జాగ్రత్త. పాంటాప్రజోల్ వంటివి కడుపులో ఆమ్లం తగ్గిస్తే ఆ మందులు సరిగా కరగవు, ఒంటికి పట్టవు. ఇమాటినిబ్‌కు ఆ ఇబ్బంది లేదు. పసరు మందులు, భస్మాలు తీసుకుంటే దాచకండి, డాక్టరు తిడతారని భయపడకండి. లివర్ పరీక్ష తేడాగా వచ్చినప్పుడు ఏది కారణమో తెలియాలి.

ఇక కొలత. మీ ఫైల్లోని బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ కాగితం తీయండి ఒకసారి. జబ్బు బయటపడ్డ రోజున ఒంట్లో సుమారు లక్ష కోట్ల జబ్బు కణాలుంటాయనుకుందాం. సీబీపీ మామూలైందంటే చాలామంది నయమైపోయిందనుకుంటారు, అప్పటికీ లక్ష కోట్లలో వెయ్యి కోట్లు, పది వేల కోట్లు మిగిలి ఉండొచ్చు. సీబీపీ వాటిని చూడలేదు. పీసీఆర్ చూస్తుంది, రక్తంలో బీసీఆర్-ఏబీఎల్ జన్యువు నకళ్లను వెతికి లెక్కపెడుతుంది. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు 10 శాతం లేదా తక్కువ, ఆరు నెలలకు 1 శాతం లేదా తక్కువ, ఏడాదికి 0.1 శాతం లేదా తక్కువ ఉండాలి. 0.1 అంటే ఇంకా నూరు కోట్ల కణాలు. అయినా ఆ గీత దాటి కిందికి దిగినవాళ్లలో జబ్బు ముదరడం చాలా అరుదు.

కాగితంలో మూడు చోట్ల చూడండి. మొదటిది, అంకె పక్కన "ఐఎస్" అని ఉందా. అంతర్జాతీయ కొలబద్ద అన్నమాట. అది లేకపోతే ఒక ల్యాబు 0.3కూ ఇంకో ల్యాబు 0.3కూ పోలిక లేదు. ధర తక్కువని ఒక్కోసారి ఒక్కో ల్యాబుకు ఇస్తే జబ్బు పెరిగిందో కొలబద్ద మారిందో ఎవరూ చెప్పలేరు. రెండోది, పోలిక కోసం లెక్కపెట్టే కంట్రోల్ జన్యువు సంఖ్య. రక్తం నమూనాలో ఆర్ఎన్ఏ, అంటే ఆ జన్యువుల నకళ్లు, బాగుంటే ఏబీఎల్ కాపీలు కనీసం 10,000 రావాలి. 800 కాపీలు వచ్చిన నమూనాలో "జబ్బు కనపడలేదు" అని రాశారంటే చీకట్లో వెతికి కనపడలేదన్నట్టే. ఆ రిపోర్టు చూసి సంబరపడొద్దు, మళ్లీ చేయించాలి. ఆర్ఎన్ఏ చాలా సున్నితం. జిల్లాలో తీసిన రక్తం ఎండలో బస్సు డిక్కీలో రెండు రోజులు ప్రయాణిస్తే అది విరిగిపోతుంది. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో తీసి, చల్లగా, వీలైతే 24 గంటల్లో ల్యాబుకు చేరాలి. మూడోది, ట్రాన్స్‌క్రిప్ట్ రకం, అంటే బీసీఆర్, ఏబీఎల్ ఏ చోట అతుక్కున్నాయన్నది. మొదటి రోజు రిపోర్టులోనే ఉంటుంది, ఆ కాగితం పారేయకండి. చాలామందికి పీ210 రకం. అరుదైన రకమైతే మామూలు పీసీఆర్ దాన్ని పట్టదు, జబ్బు ఉన్నా సున్నా చూపిస్తుంది.

పీసీఆర్ గీతలు తప్పినవాళ్లకు ఏబీఎల్ గుంట మారిందేమో చూసే మ్యుటేషన్ పరీక్ష చేస్తారు. టీ315ఐ అని వస్తే గుంట గుమ్మంలోనే అడ్డం పడ్డట్టు. ఇమాటినిబ్, డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ ఏవీ దూరవు. పొనాటినిబ్ దూరుతుంది, కానీ రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది కాబట్టి గుండె జబ్బున్నవాళ్లకు ఆలోచించి ఇవ్వాలి. 2021లో వచ్చిన అసిమినిబ్ వేరే గుంటలో కూర్చుంటుంది. మిగతా మార్పులకు రెండో తరం మందులు చాలు, మనిషిని చూసి ఎంచుకోవాలి. షుగరు, గుండె జబ్బు ఉంటే నిలోటినిబ్ వద్దంటాం. ఊపిరితిత్తుల జబ్బు ఉంటే డాసాటినిబ్ వద్దంటాం, ఛాతీలో నీరు చేరుతుంది. నిలోటినిబ్ ఇమాటినిబ్‌కు పూర్తిగా తిరగేసి: తినడానికి గంట ముందు లేదా తిన్న రెండు గంటల తర్వాత, ఖాళీ కడుపున. మందు మార్చినప్పుడు ఈ అలవాటు మార్చకపోతే రక్తంలో మోతాదు పెరిగి గుండె లయ తప్పొచ్చు.

ముందు వరుసలో అమ్మ చీటీ పంపారు. కూతురికి ఇరవై ఆరేళ్లు, పెళ్లయింది, పిల్లలు పుడతారా అని. పుడతారమ్మా. కానీ మాత్ర వేసుకుంటూ గర్భం రాకూడదు, బిడ్డ అవయవాలు ఏర్పడటంలో లోపాలు వస్తాయి. ముందుగా చెప్తే, పీసీఆర్ బాగా కిందికి దిగి కొంతకాలం నిలకడగా ఉన్నాక మందు ఆపి ప్రయత్నించవచ్చు. మధ్యలో జబ్బు పెరిగితే ఇంటర్‌ఫెరాన్ అనే ఇంజెక్షన్ ఉంది. చెప్పకుండా గర్భం వచ్చిందని భయపడి మాత్రలు మానేసి ఊరుకోవద్దు, ఆ రోజే డాక్టరుకు ఫోను చేయాలి. పాలిచ్చే రోజుల్లో కూడా ఈ మందు వద్దు. మగవాళ్లు ఇమాటినిబ్ వాడుతుండగా పిల్లలు పుట్టడంలో మాత్రం మామూలు కంటే ఎక్కువ లోపాలు కనపడలేదు.

ఇంకొకరు, దుబాయ్ వెళ్తున్న అబ్బాయి, ఎప్పటికైనా ఆపొచ్చా అని రాశారు. ఆపొచ్చు, అందరికీ కాదు. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఫ్రాన్స్ వాళ్లు 100 మందికి ఇమాటినిబ్ ఆపి చూశారు. సుమారు నలభై మందికి జబ్బు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి మొదటి ఆరు నెలల్లోనే వచ్చింది. మళ్లీ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరూ తిరిగి దారిలో పడ్డారు. ఆపాలంటే ఇమాటినిబ్ కనీసం అయిదేళ్లు వాడి ఉంటే మేలు, పీసీఆర్ 0.01 శాతం లేదా ఇంకా కింద రెండేళ్లు నిలబడాలి, జబ్బు ఎప్పుడూ ముదిరి ఉండకూడదు. ఆపాక మొదటి ఆరు నెలలు నెలకోసారి పీసీఆర్, తర్వాత ఆరు నెలలు రెండు నెలలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి, అదీ ఐఎస్ కొలబద్ద ఉన్న ఒకే ల్యాబులో. 0.1 దాటితే ఆలస్యం లేకుండా మాత్ర మొదలు. నాలుగోవంతు మందికి ఆపిన కొన్ని వారాలకు కీళ్లు, కండరాలు నొప్పి పెడతాయి. జబ్బు తిరగబెట్టిందని హడలిపోతారు. అది మందు మానేసినందుకు వచ్చే నొప్పి, కొన్ని నెలల్లో తగ్గుతుంది.

బాబూ, నువ్వు వెళ్తున్న చోట ప్రతి నెలా ఆ పరీక్ష చేయించుకోగలవో లేదో ముందు కనుక్కో. కుదరదంటే ఇప్పుడు ఆపొద్దు. ఆరు నెలల మాత్రలు, ప్రిస్క్రిప్షన్, మొదటి రోజు రిపోర్టు చేతి సంచిలోనే పెట్టుకుని వెళ్లు, చెకిన్ పెట్టెలో వేయకు.